వాకిట్లో నీడ

గుడివాడ నుంచి ఒక సోదరి రాసిన వుత్తరం వారం రోజులుగా నా బల్లమీద వుంది. జవాబు ఆలస్యమయినందుకు మన్నించమని ముందుగా కోరుతున్నాను. ఆమె అడిగిన ప్రశ్న చూడడానికి చిన్నదే. "మాది ఉత్తరపు వాకిలి. గుమ్మం ముందు ఇరవై అడుగుల జాగా వుంది. అందులో పెద్ద వేపచెట్టు. దానికింద ఏ మొక్క వేసినా బతకదు. బతికినా పూయదు. మూడుసార్లు గులాబీలు తెచ్చి పోగొట్టుకున్నాను. చెట్టు కొట్టిస్తే గాని తోట రాదని మావారంటున్నారు. మీరేమంటారు?" అని.

వుత్తరం చదివి నవ్వుకున్నాను. ఎందుకంటే యిది నాకు నేనే రాసుకున్న వుత్తరంలా వుంది. మాదీ ఉత్తరపు వాకిలే. మా యింటి ముందూ వేపచెట్టే. గులాబీలు మాత్రం మూడుసార్లు కాదు, అయిదుసార్లు పోగొట్టుకున్నాను. అంచేత మిగతా వుత్తరాలన్నీ వచ్చేవారానికి అట్టేపెట్టి, యీ వారం యీ ఒక్కదానికే జవాబు రాస్తున్నాను. వంటల గురించి అడిగినవారు కోప్పడకండి. వేపచెట్టు కిందనే పెరిగే ఒక ఆకుతో మీకూ ఏదో ఒకటి చెప్పే ముగిస్తాను.

మా యిల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. మా మామగారు యిల్లు కట్టించిన ఏడాదే వాకిట్లో పడమటివైపున వేపమొక్క నాటారట. ఇప్పుడు దాని మొదలు మా అబ్బాయి రెండు చేతులూ చాపి పట్టుకున్నా అందదు. మా అత్తగారికి ఎనభై దాటాయి. తెల్లవారుతూనే లేచి, వాకిట్లో నాలుగు పూలు కోసుకుని, వాటితోనే పూజ చేసుకోవడం ఆవిడకు యాభై ఏళ్ళ అలవాటు. బజారులో కొన్న పూలు పెట్టరా అంటే పెడతారు. కాని ఆ పూటంతా ఏదో వెలితిగా తిరుగుతారు.

చెట్టు చిన్నదిగా వున్న రోజుల్లో గేటు పక్కన ఎర్రమందారం విరగబూసేదట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో రోజుకు అయిదారు పూసేది. రానురాను చెట్టు గొడుగు పట్టేసరికి వారానికొకటి, తరవాత నెలకొకటి అయింది. ఆ పైన అన్నీ ఆకులే. అత్తగారు మాత్రం రోజూ పొద్దున్నే సజ్జ పట్టుకుని ఆ మొక్క దగ్గరకు వెళ్ళడం, ఆకులు తప్పించి చూసి వెనక్కు రావడం మానలేదు. అది చూడలేకనే నేను తోటపని మొదలుపెట్టాను గాని, నాకు పుట్టింట్లో మొక్కల సరదా ఏమీ లేదు.

2021లో వానలు వెనకపట్టాక జరిగిన సంగతి మీలో చాలామందికి జ్ఞాపకం వుండే వుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోవడం మొదలుపెట్టాయి. ఫోమాప్సిస్ అనే బూజుతెగులు అనీ, టీదోమ అనే పురుగు కూడా దానికి తోడయిందనీ, చాలా చెట్లు మళ్ళీ చిగురిస్తాయనీ శాస్త్రజ్ఞులు చెప్పారు. మా చెట్టు కూడా నిప్పుసెగ తగిలినట్టు మాడిపోయింది. వీధిలో వెళ్ళే కట్టెల బేరగాళ్ళు గేటు దగ్గర ఆగి తలెత్తి చూడడం మొదలుపెట్టారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అయితే, రథసప్తమి వెళ్ళిన తరవాత ఒక వింత జరిగింది. బోడికొమ్మల మధ్య నుంచి వాకిట్లోకి ఎండ దిగింది. ఎన్నో ఏళ్ళుగా మొరాయించిన మందారం మొగ్గతొడిగింది. ఒకరోజు పొద్దున లెక్కపెడితే తొమ్మిది పూలు! అత్తగారు సజ్జనిండా పూలతో లోపలికి వచ్చారు. సంతోషించారనుకున్నాను. పూజ అయ్యాక వరండాలో పడకకుర్చీలో కూర్చుని చెట్టువైపే చూస్తున్నారు.

మావారు సమయం చూసుకుని, "చూశావా అమ్మా, చెట్టు అడ్డం లేకపోతే మందారం ఎట్లా పూసిందో! ఎటూ ఎండిపోయింది గదా, తీయించేద్దామా?" అన్నారు.

"పువ్వు లేకపోతే దేవుడికి తులసిదళం పెడతాను. ఆయనేమీ అనుకోడు. రోహిణీకార్తెలో నన్నెక్కడ కూర్చోమంటావురా?" అన్నారు ఆవిడ.

మేము అప్పటికి ఆ మాట పట్టించుకోలేదు. మే నెలలో తెలిసొచ్చింది. చైత్రంలో చెట్టు చిగిర్చింది గాని, ఆకు పలచన. పొద్దున ఏడింటికే వరండాలోకి ఎండ వచ్చేది. సాయంత్రం నాలుగు దాటాక రెండోవైపు నుంచి మళ్ళీ వచ్చేది. గచ్చు కాలిపోయేది. బెజవాడను బ్లేజ్‌వాడ అని వేళాకోళం చెయ్యడం అందరూ విన్నదే. ఆ ఏడాది మా వాకిట్లోనే అర్థమయింది. అత్తగారి పడకకుర్చీ లోపలి గదిలోకి మారింది. వీధిలో వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తూ కాలక్షేపం చేసే మనిషి ఫాను కింద గోడవైపు చూస్తూ కూర్చున్నారు. నేను మురిపెంగా పెంచిన ఫెర్న్ తొట్లు ఎనిమిదిలో ఆరు అప్పడాల్లా అయిపోయాయి.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. సంక్రాంతికి చీకటిగా, చెమ్మగా వుండే వాకిలి వైశాఖంలో యిట్లా ఎందుకు మండుతున్నది?

గుడివాడ సోదరికి నేను చెప్పదలచిన అసలు మాట యిదే. మొక్క కొనే ముందు నీడను చూడండి. ఒక్కరోజు చూస్తే చాలదు. మనం చేసే పొరపాటంతా అక్కడే వుంది. చలికాలంలో నర్సరీకి వెళతాం. వాకిట్లో ఎండ పడడం లేదు గదా అని నీడమొక్కలు తెచ్చి పెడతాం. మండుటెండల్లో అవి మాడిపోతాయి. నీడమొక్క నీడలో మాడడమేమిటని తెల్లబోతాం. అప్పటికి ఆ నీడ అక్కడ వుండదు మరి!

విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల దగ్గర వుంది. గుడివాడా యించుమించు అంతే. డిసెంబరు 21, 22 తేదీల్లో సూర్యుడు బాగా దక్షిణంగా వంగి నడుస్తాడు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా పన్నెండడుగుల యింటిగోడ నీడ ఉత్తరంవైపు పదడుగుల దూరం పడుతుంది. అంటే వాకిలి సగం యింటినీడలోనే వుంటుంది. సంక్రాంతి వెళ్ళాక నీడ రోజురోజుకూ గోడవైపు ముడుచుకుంటుంది. మే 7 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు నీడే వుండదు. పిల్లలకు చూపించండి, సరదా పడతారు. అక్కడితో ఆగకుండా ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. మళ్ళీ ఆగస్టు 6 ప్రాంతంలో గాని నడినెత్తి దాటి దక్షిణానికి మళ్ళడు. యీ మూడు నెలలూ పొద్దున ఈశాన్యం నుంచీ, సాయంత్రం వాయవ్యం నుంచీ ఎండ ఉత్తరపు వాకిట్లోకి తిన్నగా దిగుతుంది. రోహిణీకార్తె యిందులోదే. పంచాంగం చూసే మన పెద్దవాళ్ళకు యిది తెలియని విషయం కాదు. తోట వేసేటప్పుడు మనకే గుర్తు రాదు.

ఇక వేపచెట్టు చేసే పని చూడండి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది. వుగాది నాటికి చిగురూ, పచ్చట్లోకి పూతా యిస్తుంది. వడగాలులు వచ్చేసరికి గొడుగు నిండిపోతుంది. ఏ నెలలో ఎండ కావాలో ఆ నెలలో ఎండా, ఏ నెలలో నీడ కావాలో అప్పుడు నీడా! ఇంతకంటె తెలివిగల పందిరి ఎవరు వెయ్యగలరు? అంచేత సోదరీ, మీవారితో నా మాటగా చెప్పండి, చెట్టు కొట్టించవద్దని. వినకపోతే యింకో సంగతి కూడా చెప్పండి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఒకటి వుంది. దాన్నే వాల్టా అంటారు. దాని ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. గొడ్డలి పట్టుకొచ్చిన మనిషిని పిలిచినంత సులువు కాదు.

నీడను చూడడమంటే ఎట్లా అంటారా? మనకు ముగ్గుపిండి వుంది గదా. పొద్దున ఎనిమిదింటికీ, మధ్యాహ్నం పన్నెండింటికీ, సాయంత్రం నాలుగింటికీ నీడ అంచు వెంబడి ఒక గీత గీయండి. సంక్రాంతికి ఒకసారి, వుగాదికి ఒకసారి, రోహిణీకార్తెలో ఒకసారి, దసరాకు ఒకసారి. ఏడాదిలో నాలుగు రోజుల పని. కాగితం మీద ఎక్కించి దాచుకోండి. నేను గీస్తుంటే పక్కింటావిడ గోడమీదుగా చూసి, "ఇదేం ముగ్గండీ, సాయంత్రం నాలుగింటికి? చుక్కలు కూడా లేవు!" అన్నది. ఇప్పుడు ఆవిడా వేస్తున్నది.

నీడల్లో రకాలున్నాయి. చెట్టునీడ వేరు, గోడనీడ వేరు. చెట్టునీడలో ఆకుల సందుల నుంచి చుక్కలు చుక్కలుగా వెలుతురు పడుతుంది. మొక్కకు అది చాలావరకు సరిపోతుంది. అయితే అక్కడ నేల పొడి. చిన్నవాన వస్తే ఆకులే తాగేస్తాయి, కింది మట్టి తడవదు. తడిసినా చెట్టు వేర్లు ముందు లాగేసుకుంటాయి. మొక్క చచ్చిపోయేది నీడవల్ల కాదు, దాహంవల్ల. గోడనీడ సంగతి దీనికి తలకిందులు. పక్కన నాలుగంతస్తులు లేచిన యిళ్ళవాళ్ళకు అక్కడ వెలుతురు తక్కువ, తడి ఎక్కువ. నేల ఆరదు. అక్కడ రోజూ నీళ్ళు పోస్తే వేరు కుళ్ళుతుంది. అంచేత ఎవరో చెప్పారని రోజుకు రెండు చెంబులు అని లెక్క పెట్టుకోకండి. వేలు రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా తగిలితే పోయండి, లేకపోతే లేదు.

నీడతోటల మీద ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తే హోస్టాలు వేయమంటారు. మన ఎండలకు అవి నెల నిలవవు. జపానులో క్యోటో నగరంలో సైహోజీ అనే ఆలయం వుంది. అక్కడ చెట్లకింద నేలంతా నాచే. నూటఇరవై రకాల నాచు వున్నదట. ఎవరూ నాటింది కాదు. తోటను పట్టించుకోకుండా వదిలేసిన కాలంలో దానంతటదే పరుచుకున్నది. బొమ్మల్లో చూస్తే కళ్ళు చల్లబడతాయి. మన వూళ్ళో నాచు బావిగట్టుమీద తప్ప నిలవదు, అక్కడా మనిషిని జార్చడానికే!

అంత దూరం ఎందుకు? నీడలో సేద్యం చెయ్యడం మన డెల్టా రైతులకు వెన్నతో పెట్టిన విద్య. ఒకసారి పొన్నూరు, చేబ్రోలు వైపు వెళ్ళి తమలపాకు తోటలో నిలబడి చూడండి. ముందు వరుసలుగా అవిసె వేస్తారు. అది ఎదిగాక దాని పక్కన తమలపాకు తీగ నాటి, అవిసెమానుకే కట్టి పాకిస్తారు. అవిసె ఆకు సన్నం. వెలుతురు చిలికినట్టు పడుతుంది. నీడ ఎక్కువయితే కొమ్మ నరుకుతారు, చాలకపోతే వదిలేస్తారు. నీడను కత్తితో కొలిచి పెడతారన్నమాట. బయట చెప్పులు కాలుతుంటే లోపల చల్లగా వుంటుంది. దుగ్గిరాల పసుపు సంగతి అందరికీ తెలుసు. ఆ పసుపూ కొంత నీడకు ఓర్చే మొక్కే. అరటితోటల్లో కంద వేసే రైతులున్నారు. అరటిఆకు కింద కంద గొడుగు విప్పుకుని నిలబడితే ఏ పెద్ద బంగళా తోటలోనూ అంత అందమైన ఆకు వుండదని నాకనిపిస్తుంది. కూరకు తవ్వుకునేదని మనం దానికి విలువ యివ్వం!

నేనూ ఆ రైతుల పద్ధతే పట్టాను. చెట్టును కొట్టలేదు, కత్తిరించాను. గేటువైపు తూర్పుకు వాలిన కింది కొమ్మలు మూడు తీయించాను. పైగొడుగు ముట్టుకోలేదు. దానితో పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు గేటు మూలకు వస్తుంది. సాయంత్రపు ఎండను చెట్టు యథాప్రకారం ఆపుతుంది. కొమ్మలు తీయించేటప్పుడు దగ్గర నిలబడండి. లేకపోతే పనివాడు తన నిచ్చెనకు అందినవన్నీ తీసేస్తాడు.

మొదలు చుట్టూ సిమెంటు పోయించకండి. వేర్లు కనిపిస్తున్నాయని బుట్టలకొద్దీ మట్టి కూడా పోయకండి. వేరుకు గాలి ఆడాలి. బొటనవేలంత లావు వేరు అడ్డమొస్తే గొయ్యి పక్కకు జరపండి గాని గునపంతో పొడవకండి. చోటు దొరక్కపోతే తొట్టి పెట్టుకోండి. మనది నల్లమట్టి. ఎండలకు నెర్రెలిస్తుంది, వానలకు జిగురుగా పట్టుకుంటుంది. దాన్లో మూడోవంతు ఇసుక, మూడోవంతు చివికిన పశువుల ఎరువు కలిపితే గాని నీడలో పనికిరాదు. రాలిన వేపాకు పోగేసి తగలబెట్టేవాళ్ళను చూస్తే నాకు మహా కోపం. ఒక మూల గోతిలో వేసి అప్పుడప్పుడు తడుపుతుంటే కొన్ని నెలలకు నల్లని ఎరువవుతుంది.

ఇక మొక్కలు. దేవుడి పూలకు మొదటి పేరు నందివర్ధనం. చుక్కల వెలుతురులో కూడా పూస్తుంది. ఏడాది పొడుగునా ఎంతో కొంత వుంటుంది. ముదురాకుపచ్చ మీద తెల్లపువ్వు. నీడలో తెలుపుకున్న అందం యింక దేనికీ లేదు. ఎర్రనివీ వూదావీ దూరానికి నల్లగా కనిపించి పోతాయి. తెల్లనివి సందెచీకట్లో కూడా వెలుగుతాయి. ప్రహరీ వెంబడి నాలుగు నందివర్ధనాలు వేసి, నడుమెత్తుకు కత్తిరిస్తూ వస్తున్నాను. అత్తగారు వంగనక్కర్లేకుండా కోసుకుంటారు. వాటి ముందు కనకాంబరాలు. వీటికి మిట్టమధ్యాహ్నపు ఎండ పడకపోయినా ఫరవాలేదు, కాస్త పొద్దుటి ఎండ చాలు. వడగాలిలో మాత్రం రోజూ నీళ్ళు చూపించాలి. ఎండిన కాయకు నీళ్ళు తగిలితే టప్పున పగిలి గింజలు ఎగురుతాయి. మా యింటికి వచ్చే పిల్లలందరికీ అదే ఆట.

చలికాలానికి డిసెంబరాలు. యింటినీడలో మందారం అలిగి కూర్చునే నెలల్లో ధనుర్మాసానికి యివి అందుకుంటాయి. గేటుకు రెండోపక్క, కాస్త ఎండ తగిలేచోట పారిజాతం వేశాను. రాలిన పువ్వయినా పూజకు పనికొచ్చేది అదొక్కటే గదా. కాని రాలినవి ఏరుకోవడానికి అత్తగారి మోకాళ్ళు వొప్పుకోవు. పూత రోజుల్లో రాత్రి పడుకోబోయే ముందు మావారు పాతపంచె ఒకటి చెట్టుకింద పరిచి వస్తారు. పొద్దున నాలుగు చెంగులూ కలిపి తెచ్చి తల్లి ఒళ్ళో పోస్తారు. చెట్టు కొట్టించేద్దామన్న మనిషి యీయనే!

తమలపాకు తీగ ఒకటి తొట్టిలో పెట్టి వేపమానుకు పాకించాను. శుక్రవారం తాంబూలానికి ఆకు కొనక్కర్లేదు. వానలు పడగానే రెండు తొట్లలో పసుపుకొమ్ములు పాతండి. వానాకాలమంతా పెద్ద పెద్ద ఆకులతో కళకళలాడుతుంది. సంక్రాంతి దాటాక ఆకు ఎండిపోతే చచ్చిందని పారేయకండి, కింద కొమ్ములున్నాయి. కుళాయి దగ్గర చెమ్మలో సరస్వతి ఆకు వేస్తే పచ్చికలా పరుచుకుంటుంది. చెట్టుకింద లాన్ పెంచాలని ఎవరయినా ఆశపెడితే నమ్మకండి. పచ్చికకు ఎండ కావాలి. గడ్డికి పోసే డబ్బు నీళ్ళపాలే.

మల్లెకు నీడ గిట్టదు. దాన్ని డాబామీదికి పంపించండి. క్రోటన్లు కొనేటప్పుడు ఎరుపూ పసుపూ చూసి మోసపోకండి. చీకట్లో పెడితే రంగులు పోయి వుత్త ఆకుపచ్చకు దిగుతాయి. డైఫెన్‌బేకియా ఆకులు మచ్చలు మచ్చలుగా బాగుంటాయి, నీడకు ఓర్చుకుంటాయి కూడా. కాని పసిపిల్లలున్న యిళ్ళలో పెట్టవద్దు. నోట్లో పెట్టుకుంటే దాని రసానికి నాలుకా పెదవులూ వాస్తాయి. మన వూళ్ళ నర్సరీలకు చాలా మొక్కలు కడియం, కడియపులంకల నుంచి వస్తాయి. ఆకుపచ్చ వల కింద సుఖంగా పెరిగిన మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెడితే బెంగపెట్టుకుంటుంది. వారం పదిరోజులు వరండాలో వుంచి, మెల్లగా బయటికి జరపండి.

అన్నీ చెప్పాను గదా అని వాకిలంతా నింపేయకండి. ముగ్గుకు చోటు కావాలి. స్కూటరుకు చోటు కావాలి. పండక్కి వచ్చినవాళ్ళ చెప్పులకు చోటు కావాలి. మధ్యభాగం వదిలి, ఎత్తయినవి ప్రహరీ పక్కన, పొట్టివి నడక పక్కన పెట్టుకోండి. కిటికీకి ఆనించి గుబురు పెంచితే దోమలు చేరతాయి. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ వున్న వూరివాళ్ళకు దోమల గురించి నేను చెప్పేదేముంది? తొట్ల కింద పళ్ళేలు పెట్టేవారు మూడురోజులకోసారి ఆ నీళ్ళు పారబోయాలి. నీడలో అవి త్వరగా ఆరవు.

మందారం సంగతి చెప్పలేదు కదూ. పొద్దుటి ఎండ పుణ్యమా అని చైత్రం నుంచి భాద్రపదం దాకా రెండురోజులకొకటి పూస్తుంది. పండగలాంటి రోజున రెండు. తొమ్మిది మళ్ళీ చూడలేదు. అత్తగారు పడకకుర్చీలోకి వచ్చేశారు. మూడోకొమ్మ కూడా తీయించడం ఎక్కువయిందనీ, పొద్దున ఎనిమిదింటికి కాళ్ళమీద ఎండ పడుతోందనీ అంటున్నారు. అది మళ్ళీ పెరిగే దాకా కుర్చీ రెండడుగులు పడమటికి జరిపాము.

గుడివాడ సోదరికి యింకొక్క మాట. గులాబీలు మీ యింటి డాబామీద పెట్టుకోండి. లేదా నాలాగే మానేయండి. నేను ఆరోసారి కొనలేదు.

వంటల సోదరీమణులకు బాకీ పడ్డ ఆకు వామాకు. చెట్టుకింద తొట్టిలో కొమ్మ గుచ్చితే చాలు, నీళ్ళు తగుమాత్రంగా పోయండి. దళసరి ఆకులు కోసి కడిగి, తడి పూర్తిగా తుడవండి. తడి వుంటే నూనె చిందుతుంది. సెనగపిండిలో చారెడు బియ్యప్పిండి, ఉప్పు, కారం, చిటికెడు వంటసోడా వేసి గరిటజారుగా కలిపి, ఆకును రెండువైపులా ముంచి కాగిన నూనెలో వేయండి. పిండి మరీ పలచనయితే ఆకుకు పట్టదు. వాన పడుతున్న సాయంత్రం, వరండాలో, వేడివేడిగా.